బసూన్ గురువు విలియం వాటర్‌హౌస్ – మాంచెస్టర్‌లో ఒక గురుశిష్య పరంపర

మొన్న మన ఉగాది సంబరాల్లో మా అమ్మాయి స్టేజీ ఎక్కి ఒక చిన్న కీర్తన వాయించింది. వయొలిన్ మీద కాదు, వీణ మీద కాదు, కీబోర్డు మీద అసలే కాదు. దాదాపు తన భుజం దాకా వచ్చే ఒక పెద్ద చెక్క గొట్టం మీద. కార్యక్రమం అయిపోయాక భోజనాల వరసలో నా ముందున్న పెద్దాయన ఒకరు వెనక్కి తిరిగి, "ఏమయ్యా, అది నాదస్వరమా, హుక్కానా?" అన్నారు. అందరం నవ్వుకున్నాం. "నాదస్వరానికి దూరపు చుట్టం లెండి బాబాయిగారూ, బసూన్ అంటారు" అన్నాను. ఆయన ఊరుకోలేదు. "ఇంత పెద్ద దేశంలో పిల్లకి ఇంకేమీ దొరకలేదా? అయినా దాన్ని నేర్పేవాళ్ళు కూడా ఉంటారా?"

నిజం చెప్పాలంటే రెండేళ్ళ కిందట నేనూ అచ్చం అదే ప్రశ్న వేశాను. ఇంజనీరింగులో మాస్టర్స్ చెయ్యడానికి మాంచెస్టర్ వచ్చి, చదువయ్యాక ఇక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్నవాణ్ణి. చదువుకునే రోజుల్లో రోజూ ఆక్స్‌ఫర్డ్ రోడ్డు మీద రాయల్ నార్తర్న్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్ ముందు నుంచే నడిచి వెళ్ళేవాణ్ణి. సాయంత్రం అయితే అదే రోడ్డు పట్టుకుని రష్‌హోమ్ వైపు బిర్యానీ కోసం పరుగు. ఆ కాలేజీ లోపల ఏం జరుగుతుందో ఒక్కసారి కూడా తొంగి చూడలేదు. మా అమ్మాయి బసూన్ పట్టుకున్నాకే ఆ భవనానికీ, ఆ వాయిద్యానికీ ఉన్న చుట్టరికం తెలిసింది. అక్కడ 30 ఏళ్ళు బసూన్ నేర్పిన విలియం వాటర్‌హౌస్ అనే ప్రొఫెసర్ గురించి, ఆయన బోధన గురించి నేను తెలుసుకున్నది మీతో పంచుకుందామనే ఈ వ్యాసం.

ముందుగా వాయిద్యం సంగతి

బసూన్ ఊది వాయించే వాయిద్యం. ఆర్కెస్ట్రాలో చెక్క వాయిద్యాల వరసలో మంద్రస్వరాలు దీనివి. గొట్టం మొత్తం సాగదీస్తే సుమారు 2.5 మీటర్ల పొడవు ఉంటుంది. అంత పొడుగు గొట్టాన్ని మనిషి పట్టుకోలేడు కాబట్టి కింద మడిచి మళ్ళీ పైకి తిప్పుతారు. మేపుల్ చెక్కతో చేసిన నాలుగు ముక్కలు, వాటి పక్క నుంచి హంస మెడలా వంగి వచ్చే సన్నటి లోహపు గొట్టం, ఆ గొట్టం చివర రెల్లుతో చేసిన రీడ్. లోపలి రంధ్రం రీడ్ దగ్గర 4 మిల్లీమీటర్లతో మొదలై పై చివరకి వచ్చేసరికి 40 మిల్లీమీటర్ల దాకా వెడల్పవుతుంది. అంటే ఇది మడత పెట్టిన ఒక పొడవాటి శంకువు.

రీడ్ అంటే ఒకదానికొకటి ఆనించి కట్టిన రెండు రెల్లు రేకులు. వాటి మధ్య నుంచి గాలి ఊదితే రెండూ కొట్టుకుని మోగుతాయి. మన నాదస్వరం పలికేదీ ఇలా రెండు రేకుల పీకతోనే. దూరపు చుట్టరికం అన్నది అందుకే. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా గారి నాదస్వరం విన్నవాళ్ళకి, ఇంత చిన్న రెల్లు ముక్కలో ఎంత ప్రాణం ఉంటుందో నేను వేరే చెప్పక్కర్లేదు.

బసూన్ గొంతు మీరు ఇదివరకే విని ఉంటారు, పేరు తెలిసి ఉండకపోవచ్చు. 1940లో వచ్చిన డిస్నీ సినిమా ఫాంటేసియాలో మిక్కీ మౌస్ మంత్రం వేస్తే చీపురు లేచి నడుస్తుందే, ఆ నడకకి వాయించినది బసూనే. ప్రొకోఫియెవ్ 1936లో పిల్లల కోసం రాసిన పీటర్ అండ్ ది వుల్ఫ్‌లో చిరాకు తాతయ్య గొంతూ ఇదే. స్ట్రావిన్స్కీ రైట్ ఆఫ్ స్ప్రింగ్, 1913లో పారిస్‌లో ప్రేక్షకులు గోలచేసిన ఆ సంగీతం, మొదలయ్యేది బసూన్ ఒంటరిగా పలికే తారస్థాయి స్వరాలతోనే.

వాయించడం మాత్రం సులువు కాదు. ఎడమచేతి బొటనవేలు ఒక్కదానికే ఎనిమిది తొమ్మిది మీటలు. కొన్ని స్వరాలకి చూపుడువేలితో రంధ్రాన్ని సగమే మూయాలి. ఆ సగం ఎంత అన్నది స్వరాన్ని బట్టి మారుతుంది. పుస్తకంలో చూపించిన వేళ్ళ అమరిక ఒక వాయిద్యం మీద శుద్ధంగా పలికితే ఇంకో దాని మీద కొంచెం శ్రుతి తప్పుతుంది. అందువల్ల గురువు లేకుండా ఈ వాయిద్యం పట్టుబడడం చాలా కష్టం.

వియన్నా నుంచి మాంచెస్టర్‌కి

వాటర్‌హౌస్ కథ ఆయన పుట్టకముందే మొదలైంది. 1899లో హాన్స్ రిక్టర్ అనే పేరుమోసిన కండక్టర్ మాంచెస్టర్‌లోని హాలే ఆర్కెస్ట్రాకి వచ్చారు. అప్పట్లో ఇంగ్లండ్‌లో అందరూ ఫ్రెంచి పద్ధతి బసూన్ వాయించేవారు. రిక్టర్‌కి అలవాటైనది జర్మన్ పద్ధతి. రెండూ బసూన్లే అయినా లోపలి రంధ్రం, మీటల అమరిక, పలికే గొంతు అన్నీ వేరు. జర్మన్ పద్ధతిని 19వ శతాబ్దం మొదటి సగంలో కార్ల్ అల్మెన్‌రేడర్ దిద్ది తీర్చితే, 1831లో మొదలైన హెకెల్ సంస్థ తరతరాలుగా మెరుగుపెట్టింది. రిక్టర్ వియన్నా నుంచి ఓటో షీడర్ అనే విద్వాంసుణ్ణి మాంచెస్టర్ రప్పించారు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఈ ఊళ్ళో బసూన్ నేర్చుకునే కుర్రాళ్ళు కరువు. అక్కడి సంగీత కళాశాల బసూన్‌కి స్కాలర్‌షిప్ పెడితే అది ఆర్చీ కామ్డెన్ అనే యువకుడికి దక్కింది. 1888లో పుట్టిన కామ్డెన్ షీడర్ దగ్గర జర్మన్ పద్ధతి నేర్చుకుని, 1914 నుంచి 1933 దాకా హాలేలో మొదటి బసూన్ వాయించారు. 1926లో సర్ హామిల్టన్ హార్టీ నడిపిన అదే ఆర్కెస్ట్రాతో మోజార్ట్ బసూన్ కన్చెర్టోని గ్రామఫోను రికార్డుకి ఇచ్చారు. మోజార్ట్ 1774లో, 18 ఏళ్ళ వయసులో రాసిన కృతి అది. బసూన్ అంటే ఆర్కెస్ట్రాలో నవ్వులు పుట్టించే గొట్టం అనుకునే జనం, అది పాడగలదని ఆ రికార్డుతో విన్నారు. 1930లలో ఇంగ్లండ్ ఆర్కెస్ట్రాలు ఒక్కొక్కటీ ఫ్రెంచి బసూన్ వదిలి జర్మన్ వైపు తిరిగాయి. ఆ మార్పుకి దారి వేసిన వాళ్ళలో కామ్డెన్ ఒకరు.

మా వృత్తిలో పాత సిస్టమ్ నుంచి కొత్తదానికి మారడం ఎంత తలనొప్పో సాఫ్ట్‌వేర్ మిత్రులకి తెలుసు. ఇక్కడ మారాల్సింది పదేళ్ళు సాధన చేసిన వేళ్ళు. కొందరు ససేమిరా అన్నారు. సెసిల్ జేమ్స్ అనే గొప్ప వాద్యకారుడు చివరిదాకా ఫ్రెంచి బసూన్‌నే నమ్ముకున్నారు, దాని మీదే అద్భుతంగా వాయించారు. ఒక పద్ధతి గెలిచినంత మాత్రాన రెండోది తప్పు అయిపోదు కదా. ఈ మాట గుర్తుంచుకోండి, వాటర్‌హౌస్ విషయంలో మళ్ళీ వస్తుంది.

వాటర్‌హౌస్ జీవితం

విలియం వాటర్‌హౌస్ 1931 ఫిబ్రవరిలో లండన్‌లో పుట్టారు. రాయల్ కాలేజ్ ఆఫ్ మ్యూజిక్‌లో బసూన్ నేర్పినది ఆర్చీ కామ్డెనే. మాంచెస్టర్‌లో షీడర్ అందించిన విద్య అలా లండన్ చేరింది. అదే కాలేజీలో ఆయన సెసిల్ అరొనోవిట్జ్ దగ్గర వయోలా కూడా నేర్చుకున్నారు. ఊపిరితో పలికే వాయిద్యం ఒకటి, కమానుతో పలికే వాయిద్యం ఒకటి, రెండూ తెలిసిన మనిషి అన్నమాట.

చదువయ్యాక కోవెంట్ గార్డెన్‌లోని రాయల్ ఒపేరా హౌస్ ఆర్కెస్ట్రాలో, తరవాత స్విట్జర్లాండ్‌లోని లుగానోలో రేడియో ఆర్కెస్ట్రాలో వాయించారు. తిరిగొచ్చి లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాలో మొదటి బసూన్ అయ్యారు. ఆ పైన 1982 దాకా బీబీసీ సింఫనీ ఆర్కెస్ట్రాలో ఉన్నారు. మెలోస్ ఎన్‌సెంబుల్ అనే చిన్న బృందంలోనూ ఆయన సభ్యుడు. 1962లో కోవెంట్రీ కెథెడ్రల్‌లో బ్రిటెన్ వార్ రిక్వియమ్ మొదటిసారి వినిపించినప్పుడు పెద్ద ఆర్కెస్ట్రా పక్కన చిన్న ఆర్కెస్ట్రాగా వాయించినది ఆ బృందమే.

1966లో ఆయన మాంచెస్టర్‌లో పాఠాలు మొదలుపెట్టారు. అప్పటికి అది పాత రాయల్ మాంచెస్టర్ కాలేజ్, కామ్డెన్ చదివిన కాలేజీ. 1970లలో అది ఇంకో సంగీత కళాశాలతో కలిసి నేటి రాయల్ నార్తర్న్ అయింది. వాటర్‌హౌస్ 1996 దాకా అక్కడ నేర్పారు. మొదటి 16 ఏళ్ళు బీబీసీ ఉద్యోగం లండన్‌లో, శిష్యులు మాంచెస్టర్‌లో. మధ్య దూరం 300 కిలోమీటర్ల పైనే. 1972లో అమెరికాలోని ఇండియానా యూనివర్సిటీలో విజిటింగ్ ప్రొఫెసర్‌గా కూడా పనిచేశారు. వియన్నా నుంచి ఒక గురువు తెచ్చిన విద్య ఒక శిష్యుడితో మాంచెస్టర్ నుంచి లండన్ వెళ్ళి, అతని శిష్యుడితో తిరిగి మాంచెస్టర్ చేరింది. దీన్ని గురుశిష్య పరంపర అనక ఇంకేమంటాం?

2007 నవంబరులో ఇటలీలోని ఫ్లారెన్సులో ఆయన కన్నుమూశారు. నేను ఈ ఊరు వచ్చేసరికే ఆయన లేరు. కాబట్టి ఆయన పాఠం నేను కళ్ళారా చూసింది కాదు. ఆయన వదిలివెళ్ళిన పుస్తకాలూ, స్వరప్రతులూ చూస్తే ఆయన దేన్ని ముఖ్యం అనుకున్నారో మాత్రం బాగానే తెలుస్తుంది. అందులో నాకు అర్థమైనవి మూడు.

ఒకటి: చేతిలో ఉన్న పనిముట్టు ఎందుకు అలా ఉందో తెలుసుకో

2003లో ఆయన బసూన్ మీద ఒక పుస్తకం వెలువరించారు. యెహుదీ మెనుహిన్ పేరుతో వచ్చిన సంగీత వాయిద్యాల పుస్తకాల వరసలో అది ఒకటి. అది వేళ్ళ అమరికలూ కసరత్తులూ చెప్పి ఊరుకునే పుస్తకం కాదు. బసూన్ ఎలా పుట్టింది, ఏ కాలంలో ఏ మీట చేరింది, గొట్టంలో గాలి ఎలా కంపిస్తుంది, రీడ్ ఎలా పనిచేస్తుంది, ఎవరెవరు దీనికోసం ఏమేం రాశారు – అన్నీ కలిపి చెప్పే పుస్తకం. ఆయన పాత బసూన్లు సేకరించేవారు కూడా. 1983లో ఎడింబరోలో బసూన్ చరిత్ర మీద ఒక ప్రదర్శన జరిగితే దాని వెనక ఉన్నది ఆయనే.

దీనికీ పాఠానికీ సంబంధం ఏమిటి అంటారా? ఒక్క ఉదాహరణ చెప్తాను. బసూన్ లోపల శంకువు అన్నాను కదా, ఆ శంకువుకి కొన లేదు. కొన ఉండాల్సిన చోట రీడ్ ఉంది. శంకువులో గాలి సరైన శ్రుతిలో కంపించాలంటే తెగిపోయిన కొన లోటుని రీడ్ భర్తీ చెయ్యాలి. రీడ్ లోపల ఖాళీ ఎక్కువైనా తక్కువైనా మంద్రస్వరాలు ఒక దారి, తారస్వరాలు ఇంకో దారి పడతాయి. ఇది తెలియని పిల్లవాడు శ్రుతి తప్పితే తనకి చెవి లేదనుకుని ఏడుస్తాడు. తెలిసినవాడు రీడ్‌ని చూస్తాడు. తప్పు తనదో, పనిముట్టుదో తేల్చుకోగలగడం సగం విద్య.

రెండు: అచ్చైన ప్రతిని గుడ్డిగా నమ్మకు, మూలం చూడు

కార్ల్ మరియా ఫన్ వేబర్ 1811లో మ్యూనిక్‌లో బ్రాంట్ అనే బసూన్ విద్వాంసుడి కోసం ఒక కన్చెర్టో రాశారు. 1822లో దాన్ని కొంత మార్చి అచ్చుకి ఇచ్చారు. మోజార్ట్ తరవాత బసూన్ విద్యార్థులందరూ వాయించి తీరాల్సిన కృతి అదే. అచ్చులు మారినకొద్దీ వేబర్ రాసినదానికీ పిల్లలు వాయించేదానికీ తేడాలు పెరిగాయి. ఎక్కడ స్వరాలు కలపాలి, ఎక్కడ విడదీయాలి అనే గుర్తులు సంపాదకుల ఇష్టం మీద మారిపోయాయి. వాటర్‌హౌస్ 1980లలో రాతప్రతుల్నీ అచ్చుప్రతుల్నీ పక్కపక్కన పెట్టి వరస వరసా పోల్చి ఏది ఎక్కడ మారిందో ప్రకటించారు. తరవాత సరిచేసిన ప్రతినీ తెచ్చారు.

మేము రోజూ ఆఫీసులో రెండు కోడ్ ప్రతుల మధ్య తేడాలు వెతికేది ఇలాగే. మాకు కంప్యూటరు చూపిస్తుంది, ఆయన కళ్ళతో చేశారు. మన సంగీతంలోనూ ఈ గొడవ లేకపోలేదు. ఒకే త్యాగరాజ కృతి ఒక్కో శిష్యపరంపరలో ఒక్కో పాఠంగా వినిపిస్తుంది. మా గురువుగారు ఇలాగే చెప్పారు అన్నది మంచి జవాబే. దాని వెనక ఇంకో మెట్టు ఉంది: మీ గురువుగారికి అది ఎక్కడినుంచి వచ్చింది? శిష్యుడు ఆ ప్రశ్న వెయ్యడానికి దారి చూపించిన గురువు ఈయన. ఆ ప్రశ్న రేపు తనమీదే పడుతుందని తెలిసి కూడా.

మూడు: తెలిసినది దాచుకోకు, లేనిది పుట్టించు

ఫ్రెంచి బసూన్, జర్మన్ బసూన్ సంగతి గుర్తుంచుకోమన్నాను. కామ్డెన్ శిష్యుడిగా వాటర్‌హౌస్ వాయించినది జర్మన్ పద్ధతే. అలాగని రెండోదాన్ని కొట్టిపారెయ్యలేదు. ఫ్రెంచివాళ్ళ చరిత్రా, తయారీదారులూ, వాళ్ళకోసం పుట్టిన సంగీతం అన్నీ ఆయన చదువులో భాగమే. 1993లో ఆయన కూర్చిన ఒక నిఘంటువు వచ్చింది. ఊదే వాయిద్యాలు తయారుచేసినవాళ్ళ పేర్లు, కాలాలు, ఊళ్ళు, ముద్రలు అన్నీ ఒకచోట. ఎడింబరోకి చెందిన లిండ్సే లాంగ్విల్ అనే పెద్దాయన మొదలుపెట్టిన పట్టికను ఈయన కొత్తగా తిరగరాసి పెంచారు. అందుకే దానికి కొత్త లాంగ్విల్ ఇండెక్స్ అని పాత ఆయన పేరే ఉంచారు. నేడు మ్యూజియంలో ఎవరైనా పాత పిల్లనగ్రోవిని చేతిలోకి తీసుకుని దీన్ని చేసిందెవరు అనుకుంటే తెరిచి చూసే పుస్తకాల్లో అదొకటి.

బసూన్‌కి ఒంటరిగా వాయించుకునే కృతులు తక్కువ. పిల్లవాడికి పదేళ్ళు నేర్పి చివరికి వాయించడానికి నాలుగే పాటలు ఉన్నాయంటే ఎలా? గోర్డన్ జేకబ్ అనే స్వరకర్త బసూన్‌కీ నాలుగు తంత్రీవాద్యాలకీ కలిపి 1968లో ఒక కృతి, ఒంటరి బసూన్‌కి 1970లో ఇంకో కృతి ఈయన కోసం రాశారు. ఫ్రెంచి స్వరకర్త ఝాన్ ఫ్రాంసే 1942లో రాసి పక్కన పడి ఉన్న ఒక వినోద కృతిని 1968లో లండన్‌లో మొదటిసారి వినిపించినది కూడా వాటర్‌హౌసే. ఈనాటి విద్యార్థులు వాటిని మామూలుగా పరీక్షలకి వాయిస్తున్నారు.

పిల్లి, పులి, రీడ్

చిన్నప్పుడు మా అమ్మమ్మ ఒక కథ చెప్పేది. పులి వచ్చి పిల్లి దగ్గర శిష్యరికం చేసిందట. పొంచి ఉండడం, దూకడం, పంజా విసరడం, అన్నీ పిల్లి నేర్పింది. చదువు అయిపోగానే పులి పిల్లినే తినబోయింది. పిల్లి టక్కున చెట్టెక్కేసింది. "చెట్టెక్కడం నాకు నేర్పలేదేం?" అని పులి అడిగితే, "అందుకే నేర్పలేదు" అందట. గురువు ఒక్క విద్య దాచుకోవాలి అన్నది ఆ కథలో నీతి. మన దగ్గరే కాదు, అన్ని చోట్లా చేతిపని వాళ్ళలో ఈ దాపరికం ఉంది.

బసూన్‌లో చెట్టెక్కడం అంటే రీడ్ చెయ్యడం. రెల్లు గొట్టాన్ని చీల్చి, లోపలి వైపు చెక్కి సుమారు ఒక మిల్లీమీటరు మందం చేస్తారు. ఆకారం కోసి, మధ్యకి మడిచి, మూడు ఇత్తడి తీగలు చుట్టి, కింద దారం కడతారు. ఆరాక కొన కత్తిరించి, కత్తితో గీకుతారు. ఎక్కడ ఎంత గీకాలన్నది అసలు విద్య. కొన పలచగా, వెన్ను కొంచెం దళసరిగా ఉండాలి. వెంట్రుకవాసి ఎక్కువ గీకితే మళ్ళీ అతికించలేం. చేసిన రీడ్‌ని వాయిద్యానికి పెట్టకుండా విడిగా ఊది చూస్తారు. అప్పుడు వచ్చే చప్పుడుని ఇంగ్లీషులో కాకి అనే అంటారు. నిజంగానే కాకి అరుపులా ఉంటుంది! ఆ అరుపు విని ఎక్కడ గీకాలో తేలుస్తారు. ఇంత కష్టపడి చేసిన రీడ్ కొన్ని వారాల్లో అరిగిపోతుంది. కొనుక్కుంటే దొరుకుతాయి, కానీ అవి ఎవరి నోటికో, ఎవరి వాయిద్యానికో కుదిరినవి. అందుకే సంగీత కళాశాలల్లో బసూన్ విద్యార్థికి కత్తి పట్టడం కూడా చదువులో భాగమే. గురువు చేసిన రీడ్ మీదే బతికే శిష్యుడు, గురువు పోయిన నెలకి మూగబోతాడు.

మా ఇంట్లో

ఇప్పుడు నా సొంత గొడవ. మా అమ్మాయి ఆరో తరగతిలో ఉండగా స్కూల్లో బసూన్ అద్దెకి ఇస్తామన్నారు, నేర్చుకునేవాళ్ళు లేక. ఇంగ్లండ్‌లో దీన్ని అంతరించిపోయే ప్రమాదం ఉన్న వాయిద్యాల్లో లెక్కేస్తున్నారు. నెదర్లాండ్స్‌లో అయితే 2015లో బసూన్‌ని కాపాడండి అంటూ ఒక ఉద్యమమే నడిపారు. అంటే కామ్డెన్ నాటి కరువే మళ్ళీ వచ్చింది. నేను మాత్రం పియానో అయితే బాగుంటుంది కదా, లేదా ఆ టైములో కోడింగ్ క్లాసు అయినా, అని చూశాను. మా ఆవిడ "దాని ఇష్టం" అంది. సరే అన్నాను, అదే ఆరు నెలల్లో మానేస్తుందిలే అనుకుని.

మానలేదు. ఈ ఉగాదికి రెండు రోజుల ముందు రీడ్ కొన చీలింది. ఇంట్లో ఉన్న ఇంకొకటి మొద్దుగా ఉంది, కింది స్వరాలు అసలు పలకడం లేదు. పిల్ల ఏడుపు మొహం పెట్టింది. నేను టీచరుకి ఫోను చేసి, "మీరు వాయించే రీడ్ ఒకటి ఇవ్వండి, ఎంతైనా ఇస్తాను" అన్నాను. ఆవిడ నవ్వి, "తీసుకెళ్ళండి, డబ్బక్కర్లేదు. దాన్ని పెట్టెలో ఉంచండి. ముందు ఆ మొద్దు రీడ్‌నే తనతో సరిచేయిద్దాం" అన్నారు.

శనివారం ఆవిడ ఇంట్లో గంటన్నర కూర్చున్నాను. టీచరు కత్తి తన చేతిలోకి తీసుకోలేదు. "ఊదు. ఏం వినపడింది? ఎక్కడ గీకుదాం అనుకుంటున్నావు? ఎందుకు?" ఇవే ప్రశ్నలు, మళ్ళీ మళ్ళీ. పిల్ల తప్పు చెప్తే తప్పు అనలేదు, కొంచెం గీకి ఊదనిచ్చారు. నాకు మాత్రం కుర్చీలో నిప్పుల మీద ఉన్నట్టుంది. ఆవిడ తీసుకుని రెండు నిమిషాల్లో చేసి ఇచ్చెయ్యొచ్చు కదా! ఆఫీసులో నేను చేసేది అదే. కొత్తగా చేరిన కుర్రాడు సమస్య తెస్తే, "జరుగు, నేను చేస్తా" అని కీబోర్డు లాక్కుంటాను. పని అయిపోతుంది. మర్నాడు అదే కుర్రాడు అదే సమస్యతో మళ్ళీ నా దగ్గరికే వస్తాడు. వాడికేమీ రాదు అని విసుక్కుంటాను. చెట్టెక్కడం నేర్పనిది నేనే అని ఆ శనివారం దాకా తట్టలేదు.

ఇంటికొస్తూ కారులో అడిగాను, "టీచరు అలా ఊరికే అడుగుతూ ఉంటే నీకు కోపం రాదా?" అని. "వస్తుంది నాన్నా. కానీ టీచరుకి వాళ్ళ టీచరు కూడా ఇలాగే చేసేవారట" అంది. వాళ్ళ టీచరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో నేను అడగలేదు. అడిగి ఉంటే ఆ దారి ఆక్స్‌ఫర్డ్ రోడ్డు దాకా వెళ్ళేదేమో. వెళ్ళకపోయినా ఫరవాలేదు. మంచి పాఠం చెప్పే పద్ధతికి ఇంటిపేరుతో పనిలేదు.

ఉగాది నాడు మా అమ్మాయి వాయించినది తను గీకిన రీడ్ మీదే. చరణంలో కింది స్వరం ఒకటి కొంచెం బొంగురుపోయింది. మీలో సంగీతం తెలిసినవాళ్ళు గమనించే ఉంటారు. టీచరు ఇచ్చిన రీడ్ ఇంకా పెట్టెలోనే ఉంది. ఆ సోమవారం ఆఫీసులో కొత్త కుర్రాడు ఒక సమస్య పట్టుకొచ్చాడు. నా చేతులు జేబులో పెట్టుకుని "నీకేమనిపిస్తోంది?" అన్నాను. వాడు నన్ను వింతగా చూశాడు. పని పూర్తవడానికి మధ్యాహ్నం అయింది, కానీ చేసింది వాడే.

బాబాయిగారూ, మీ ప్రశ్నకి జవాబు ఇదీ. నేర్పేవాళ్ళు ఉన్నారు, నేర్చుకునేవాళ్ళే కావాలి. ఈసారి మీ పిల్లల స్కూల్లో వాయిద్యాల జాబితా ఇస్తే, చివరి వరసలో ఎవరూ టిక్కు పెట్టని పేరు ఒకటి ఉంటుంది. ఒక్కసారి పిల్లల్ని అడిగి చూడండి. వచ్చే ఉగాదికి స్టేజీ మీద రెండు బసూన్లు ఉంటే, హుక్కా అని అడిగేవాళ్ళు ఉండరు!